హెన్రీ మాడ్‌స్లే : లేత్ యంత్రమునకు రూపు దిద్దిన కమ్మరి

ఇంటి వసారాలో నాలుగు స్పానర్లతో మోటారు సైకిళ్ల మరమ్మతు ప్రారంభించిన యువకునకు కొంతకాలము గడచిన పిమ్మట తప్పక కలుగు కోరిక యొకటి కలదు. అది సొంత లేత్ యంత్రము. చక్రపు ఇరుసునకు స్పేసరు కావలసినను, అరిగిన బుష్షునకు బదులు క్రొత్తది కావలసినను, చెడిన మరను తిరిగి కోయవలసినను అతడు ప్రతిసారియు పట్టణమందలి టర్నరు అంగడికి పోయి, తన వంతు వచ్చువఱకు కూర్చుండి, ఒక దినపు పని పోగొట్టుకొనుచుండును. హోసూరు, కోయంబత్తూరు, బెంగుళూరు పరిసరములలో తరతరములుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబములలో ఇట్టి యువకులు పెక్కుమంది కలరు. మొదటి లేత్ కొనుట వారి యిండ్లలో చిన్న విషయము కాదు. తల్లి నగయో, తండ్రి కూడబెట్టిన సొమ్మో అందులోనికి పోవును. పై రంగు చూచి, బేరము చూచి కొన్న యంత్రము వంకర పని చేసినచో ఆ సొమ్ము తిరిగి రాదు.

లేత్‌ను ఎట్లు ఎన్నుకొనవలెనో తెలియవలెనన్న, దానికి నేటి రూపమిచ్చిన మనుష్యుని జీవితమును తెలిసికొనుట మేలైన మార్గమని తోచుచున్నది. కదలక నిలుచు బెడ్డు, తిన్నగా జారు స్లైడు, హెచ్చుతగ్గులు లేని మర – ఈ మూటిని ఒక్క యంత్రములో పొందుపఱచి, దానిని నిత్యము పనిచేయు వస్తువుగా లోకమునకు ఒసగినవాడు హెన్రీ మాడ్‌స్లే. ఇతడు గొప్ప చదువులు చదివినవాడు కాడు. కమ్మరి.

ఇంగ్లండు దేశమున లండను నగరమునకు చేరువగా, థేమ్సు నది యొడ్డున వూలిచ్ అను పట్టణము కలదు. అచ్చట రాజప్రభుత్వపు ఆయుధాగారము ఉండెను. మాడ్‌స్లే 1771వ సంవత్సరము ఆగస్టు 22వ తేదీన ఆ పట్టణముననే జన్మించెను. తండ్రి సైన్యములో బండిచక్రములు చేయు పనివాడు. యుద్ధమున గాయపడి, పిమ్మట ఆయుధాగారములో సామానుల గిడ్డంగి యుద్యోగిగా కుదిరెను. ఆ కాలమున బీదల బిడ్డలు పండ్రెండేండ్లకే కూలికి పోవుట సామాన్యము. హెన్రీయు పండ్రెండవ యేట తూటాలలో మందుగుండు నింపు పనిలో ప్రవేశించెను. రెండేండ్ల తరువాత అతనిని వడ్రంగుల కొట్టమునకు మార్చిరి. కాని బాలుని మనస్సు కొయ్యమీద నిలువలేదు. ప్రక్కనున్న కమ్మరి కొలిమిలో ఎఱ్ఱగా కాలిన ఇనుము సమ్మెట దెబ్బకు వంగుచుండగా చూచుటకు అతడు మాటిమాటికి అచ్చటికే పోవుచుండెను. చివరకు పదునైదవ యేట పెద్దలు అతనిని కొలిమికే పంపిరి. మూడేండ్లలో అతని చేతి నేర్పు లండను నగరమంతట వినవచ్చెను. ముఖ్యముగా ఆకురాయితో ఇనుపముక్కను సమతలముగను, మూలమట్టముగను రాచుటలో అతనికి సాటివచ్చువారు అరుదు.

అదే కాలమున లండనులో జోసెఫ్ బ్రామా అను యంత్రశిల్పి క్రొత్త విధమైన తాళము నొకదానిని కనిపెట్టి యుండెను. దొంగతాళపు చెవులకు లొంగని తాళమది. అయితే దాని లోపలి భాగములు మిక్కిలి సూక్ష్మముగా కుదిరిననే గాని అది పనిచేయదు. అట్లు చేయగల పనివారు దొరకలేదు. వూలిచ్‌లో ఒక నేర్పరి యున్నాడని విని బ్రామా కబురు పంపెను. వచ్చినవాడు పదునెనిమిదేండ్ల కుఱ్ఱవాడు! ఏడేండ్లు శిష్యరికము చేయనివానిని పనివాని వరుసలో చేర్చుకొన్నచో తక్కినవారు ఒప్పుకొనరని బ్రామా సంకోచించెను. అంతట మాడ్‌స్లే అక్కడ దవడలు అరిగి పడియున్న పాత వైసును చూపి, సాయంకాలము పని ముగియు లోపల దానికి ఉక్కు దవడలు తొడిగి క్రొత్తదానివలె చేసి యిత్తునని పందెము కట్టెను. అన్నట్లే చేసెను. తక్కిన పనివారు ఆ వైసును చూచిన పిదప అతని వయస్సును గుఱించి ఎవరును మాటాడలేదు. ఇది 1789వ సంవత్సరపు మాట.

బ్రామా తన తాళము నొకదానిని అంగడి కిటికీలో వ్రేలాడదీసి, దానిని దొంగచెవితో తెఱచినవారికి రెండు వందల గినీలు బహుమానమని ప్రకటించెను. ఆ తాళమును చేసినది మాడ్‌స్లే చేతులే. అరువది యేండ్లకు పైగా అది ఎవరికిని లొంగలేదు. 1851లో లండనులో జరిగిన మహాప్రదర్శన సమయమున హాబ్స్ అను అమెరికా దేశస్థుడు పదునాఱు దినములలో ఏబది గంటలకు మించి కష్టపడి దానిని తెఱచెను.

బ్రామా కనిపెట్టిన జలపీడన యంత్రములోను మాడ్‌స్లే పాత్ర కలదు. నీటి ఒత్తిడి హెచ్చినకొలది ముషలకము ప్రక్కలనుండి నీరు కారిపోవుచుండెడిది. తోలుతో గిన్నెవంటి కట్టు చేసి తొడిగినచో నీటి ఒత్తిడియే ఆ తోలు అంచును గోడకు గట్టిగా అదుమునని కనిపెట్టినవాడు మాడ్‌స్లే యని చెప్పుదురు. ఒత్తిడి పెరిగినకొలది బిగియు ఈ కట్టు లేనిదే ఆ యంత్రము బొమ్మగనే మిగిలెడిది. నేటి మోటారు సైకిలు ముందు ఫోర్కులో నూనె కారకుండ ఆపు ఆయిల్ సీలు పెదవి దీనికి దూరపు చుట్టమే.

మాడ్‌స్లే త్వరలోనే ఆ కర్మశాలకు మేస్త్రీ ఆయెను. బ్రామా ఇంట పనిచేయుచుండిన సారా టిండేల్ అను యువతిని 1791లో పెండ్లాడెను. బిడ్డలు కలిగిరి, ఖర్చు పెరిగెను. వారమునకు ముప్పది షిల్లింగుల జీతము చాలక, హెచ్చింపుమని యజమానిని అడిగెను. యజమాని నిరాకరించెను. ఎనిమిదేండ్ల సేవకు లభించిన సమాధానమది! 1797లో మాడ్‌స్లే బ్రామాను విడిచి, ఆక్స్‌ఫర్డు వీథికి చేరువనున్న వెల్స్ వీథిలో చిన్న కొట్టు నొకదానిని అద్దెకు తీసికొనెను. మునుపటివారు విడిచిన మురికిని భార్యాభర్తలు కలిసి కడిగి శుభ్రము చేసిరి. మొదటి గిరాకి ఒక చిత్రకారుడు. బొమ్మలు నిలుపు పెద్ద ఇనుప చట్రము చేసి యిమ్మని అడిగెను. ఇట్లు ప్రారంభమైన దుకాణము తరువాత ఒక సామ్రాజ్యపు నౌకాదళమునకు యంత్రములు చేసి యిచ్చెను.

ఇక లేత్ విషయము. లేత్ మాడ్‌స్లే కనిపెట్టినది కాదు. అది మిక్కిలి ప్రాచీనమైన పనిముట్టు. మన దేశపు వడ్రంగులు కొయ్యబొమ్మలను, మంచపు కోళ్లను తరిమెన పట్టుట మనము ఎఱిగినదే. కాని పూర్వపు లేత్‌లో పని వస్తువు మాత్రమే యంత్రముచే తిరుగుచుండును. ఉలిని మనుష్యుడు చేతితో పట్టుకొనవలెను. కొయ్యకు అది చాలును. ఇనుమునకు చాలదు. గట్టి లోహము ఉలిని నెట్టివేయును, చేయి వణకును, ఒకచోట లోతు, ఒకచోట మెరక ఏర్పడును. ఎంత నిపుణుడైనను ఒకదానివలె మఱియొకటి చేయలేడు.

మాడ్‌స్లే ఉలిని మనుష్యుని చేతినుండి తీసి యంత్రము చేతికిచ్చెను. ఉలిని గట్టిగా బిగించు పీఠము, ఆ పీఠము జారుటకు తిన్నని ఇనుప దారి, దానిని త్రిప్పి ముందుకు నడపుటకు మర – ఇదియే స్లైడ్ రెస్టు. సత్యము చెప్పవలెనన్న, ఈ యూహ అతనికి ముందే కొందఱికి తోచినది. ఫ్రాన్సు దేశమున వోకాన్సన్ 1750 ప్రాంతముననే జారుపీఠము గల లేత్‌ను చేసెను. ఇంగ్లండులో పరికరములు చేయు జెస్సీ రామ్స్‌డెన్ 1770 తరువాత మరలు కోయు లేత్ నిర్మించెను. మాడ్‌స్లే గొప్పతనము వేఱొకచోట కలదు. అంతవఱకు కొయ్యచట్రముమీద నిలిచిన లేత్‌ను అతడు పూర్తిగా లోహముతో చేసెను. స్లైడును, పొడుగు మరను, పండ్లచక్రములను ఒక్కటిగా జతపఱచి, దినమంతయు పనివాడు ఉపయోగింపదగిన యంత్రముగా దానిని తీర్చిదిద్దెను. త్రికోణాకారపు ఇనుప కడ్డీలే దానికి బెడ్డు. కొయ్య ఎండకు ముడుచుకొనును, వానకు ఉబ్బును, ఉలి ఒత్తిడికి వంగును. బెడ్డు వంగినచో దానిమీద జారు ఉలియు వంకరగనే పోవును గదా!

ఇచ్చట మన యువకుడు ఒక క్షణము ఆగవలెను. లేత్ కొనబోవునపుడు అందఱును మొదట మోటారెంత, బెడ్డు పొడవెంత యని అడుగుదురు. అడుగవలసినదే, కాని అంతకంటె ముందు యంత్రపు బరువును అడుగవలెను. ఒకే పరిమాణముగల రెండు యంత్రములలో బరువైనది సాధారణముగా తక్కువ వంగును, తక్కువ వణకును. పలుచని బెడ్డుగల తేలిక యంత్రము ఇత్తడి బుష్షులకు పనికివచ్చును. ఉక్కు ఇరుసును కోయునప్పుడు కీచుమని అఱచి గీతలు పెట్టును. మోటారు సైకిలు పనికి మిక్కిలి పొడవైన బెడ్డు అక్కఱలేదు; చక్రపు ఇరుసులు, బుష్షులు, స్పేసర్లు అన్నియు పొట్టివే. ఐతే బ్రేకు డ్రమ్మును చక్‌లో పట్టి త్రిప్పవలెనన్న, దాని అంచు బెడ్డుకు తగులకుండునంత ఎత్తు ఉండితీరవలెను. కావున పొడవుకంటె ఎత్తును, ఎత్తుకంటె గట్టితనమును కోరుట మంచిది. స్పిండిలు నడుమనుండు రంధ్రము కొలతయు చూడవలెను. పొడుగు కడ్డీ అందులో దూరినచో చిన్న లేత్‌మీదనే దాని కొన పని చేయవచ్చును.

మరల కథలోనికి పోవుదము. మాడ్‌స్లే జీవితమున ఆతని మనస్సును మిక్కిలి ఆకర్షించిన వస్తువు మర. ఆ కాలమున బోల్టులకు నట్లకు ఒక ప్రమాణము లేదు. ప్రతి బోల్టునకు దాని నట్టు దానికే సరిపోవును. ఒక యంత్రమును విప్పినపుడు ఏ నట్టు ఏ బోల్టుదో గుర్తు పెట్టకపోయినచో తిరిగి బిగించుట అసాధ్యము. మోటారు సైకిలును విప్పి, నట్లన్నిటిని ఒక్క పళ్లెములో పోయు మన మెకానిక్కు ఆ కాలమున బ్రదుకజాలడు.

ఒక మంచి మరను కోయవలెనన్న ముందుగా మంచి మర యొకటి ఉండవలెను. ఆ మొదటిది ఎక్కడనుండి వచ్చును? మాడ్‌స్లే ఇందుకు ఒక ఉపాయము పన్నెను. మెత్తని లోహపు కడ్డీని త్రిప్పుచు, అర్ధచంద్రాకారపు కత్తిని దానికి కొంచెము ఏటవాలుగా ఆనించెను. కడ్డీ తిరిగినకొలది కత్తి దానిమీద ఏటవాలు గీతను చుట్టుచు, తనను తానే ముందుకు నడపుకొనుచు పోయెను. ఆ వాలును మార్చినచో మరల సాంద్రత మారును. ఇట్లు పుట్టిన మరలలో మేలైన దానిని ఎన్నుకొని, దాని సాయముతో మఱింత మేలైన దానిని, దానితో మఱియొక దానిని చేసికొనుచు పోయెను. దోషము తరతరమునకు తగ్గుచు వచ్చెను.

ఆ మరను అతడు లేత్‌కు వెన్నెముకవలె అమర్చెను. దీనినే లీడ్ స్క్రూ అందురు. మొదటి యంత్రములో ప్రతివిధమైన మరకును వేఱువేఱు లీడ్ స్క్రూ మార్చవలసి యుండెను. 1800 ప్రాంతపు యంత్రములో ఆ యవస్థ తొలగెను. స్పిండిలునకు లీడ్ స్క్రూకు నడుమ పండ్లచక్రములను మార్చినచో చాలును. ఉదాహరణమునకు, లీడ్ స్క్రూ మీద అంగుళమునకు 8 మరలు ఉన్నవనుకొనుడు. అది ఒక చుట్టు తిరుగు లోపల పని వస్తువు రెండు చుట్లు తిరుగునట్లు చక్రములు పెట్టినచో, ఉలి అంగుళములో ఎనిమిదవ వంతు దూరము నడచునప్పటికి రెండు మరలు పడును. అనగా అంగుళమునకు 16 మరలు. ఎనిమిదవ తరగతి నిష్పత్తి లెక్కయే ఇది! పరీక్షకు చదివి మఱచు లెక్క ఇచ్చట ఉక్కుమీద చెక్కబడుచున్నది.

అతడు ఇంకను ముందుకు పోయి, ఖగోళ పరికరముల కొలతల నిమిత్తమై అయిదడుగుల పొడవు, రెండంగుళముల మందముగల మర నొకదానిని కోసెను. దానిమీద అంగుళమునకు 50 మరలు. దానికి తొడిగిన నట్టు పండ్రెండంగుళముల పొడవు. అనగా నట్టు లోపల ఒకేసారి 600 మరలు పట్టి యుండెను. ఒకటి రెండు మరలలో దోషమున్నను తక్కిన వందల మరలు దానిని సవరించునని అతని భావము.

లేత్ కొనువారు ఈ విషయమున రెండు సంగతులు గమనింపవలెను. పండ్లచక్రముల సెట్టు పూర్తిగా ఉన్నదో లేదో విడివిడిగా లెక్కించి తీసికొనవలెను. పాత లేత్‌లను అమ్మువారియొద్ద తఱచుగా లోపించునవి ఇవియే. నేటి బండ్లలో మరలు మిల్లీమీటరు కొలతలలో ఉండును. మద్రాసులో 1955 నుండి తయారైన పాత ఎన్‌ఫీల్డ్ బుల్లెట్టు బండ్లలోనో అంగుళపు కొలతల ఇంగ్లీషు మరలే పెక్కు. రెండు విధములును కోయగల యంత్రము కావలెను. అంగుళపు లీడ్ స్క్రూతో మిల్లీమీటరు మరలను సరిగా కోయవలెనన్న 127 పండ్ల చక్రము కావలసి యుండును. అంగుళమనగా 25.4 మిల్లీమీటర్లు; దానిని అయిదుతో హెచ్చించినచో 127 వచ్చును. ఈ చక్రము ఒక్కటి లేకపోయినచో ఎంత చవుకగా దొరికిన యంత్రమైనను బుల్లెట్టు వీథినుండి క్రొత్త బండ్ల వీథికి దాటజాలదు.

మాడ్‌స్లే కొట్టు కిటికీలో పెట్టిన మరలను చూచియే అతని భాగ్యము మారెను. ఫ్రాన్సు దేశమునుండి వచ్చి లండనులో తలదాచుకొన్న బాకాంకూరు అను నతడు ఆ దారిన పోవుచు, వాని నునుపునకు ఆశ్చర్యపడి లోనికి వచ్చెను. అతని స్నేహితుడు మార్క్ బ్రూనెల్, ఓడలకు కప్పీలు చేయు యంత్రముల నమూనాలు గీసి యుండెను. అప్పటి యుద్ధనౌక యొక్కటికి సుమారు వేయి కప్పీలు కావలసియుండెను. నౌకాదళమంతటికి ఏటేట లక్ష. అన్నియు చేతిపనియే. బ్రూనెల్ తన రహస్యము బయటపడునేమో యను భయముతో మొదట ఒక్కొక్క భాగపు చిత్రమునే తెచ్చి చూపుచుండెను. రెండు మూడు పర్యాయములు వచ్చునప్పటికి ఇవి కప్పీలు చేయు యంత్రములని మాడ్‌స్లే తానే గ్రహించెను. పిమ్మట వారిరువురి నడుమ దాపఱికము లేకపోయెను. 1802 మొదలు సుమారు ఆఱేండ్లలో పోర్ట్స్‌మౌత్ ఓడరేవున నలుబదికి పైగా యంత్రములు నిలిచెను. 1808 నాటికి అవి ఏటికి 1,30,000 కప్పీలు చేయుచుండెను. నూటపదిమంది నిపుణులు చేయు పనిని పదిమంది మామూలు పనివారు చేయగలిగిరి. ఆ నూటపదిమంది సంగతి యేమైనదని అడుగు విద్యార్థి లేకపోడు. ఆ ప్రశ్న న్యాయమైనదే. ఆ కాలపు ఇంగ్లండు దానికి మంచి సమాధానము ఇయ్యలేదు. యంత్రములో కొన్ని మాత్రము ఇరువదవ శతాబ్దమునను పనిచేయుచునే యుండెను.

పని పెరుగుటచే అతడు 1810లో థేమ్సు నది దక్షిణపు టొడ్డున లాంబెత్‌లో పెద్ద కర్మశాల స్థాపించెను. జాషువా ఫీల్డ్ భాగస్వామి ఆయెను. ఓడల ఆవిరి యంత్రములు అక్కడి ముఖ్యమైన పని. మన దేశమునకు ఆ కర్మశాలతో గల సంబంధము చెప్పదగినది: 1825 ఆగస్టు 16న ఇంగ్లండు విడిచి, ఆఫ్రికా కొనను చుట్టి, డిసెంబరు 7న కలకత్తా చేరిన ఎంటర్‌ప్రైజ్ అను ఓడ ఇంగ్లండునుండి ఆవిరిశక్తితో ఇండియాకు వచ్చిన మొదటి ఓడ. దాని యంత్రములు మాడ్‌స్లే చేసినవి. కొన్ని దినములు ఆవిరితోను, కొన్ని దినములు తెఱచాపలతోను నడచి నూట పదమూడు దినములలో అది చేరెను. అంత త్వరగా వచ్చునని ఆశించినవారికి నిరాశయే కలిగెను గాని, యంత్రములు మహాసముద్రము దాటి వచ్చినవనుట సత్యము. అదే ఏట థేమ్సు నదిక్రింద సొరంగము త్రవ్వుటకు బ్రూనెల్ పూనుకొన్నపుడు, పనివారిని కాపాడు పెద్ద ఇనుప కవచమును చేసినదియు ఈ కర్మశాలయే.

ఆ కర్మశాలలో బల్లలమీద సమతలపు ఇనుప పలకలు ఉండెడివి. పనివాడు తాను రాచిన ముఖమును ఆ పలకపై ఆనించి, ఎక్కడ తగులుచున్నదో ఎక్కడ తగులుట లేదో చూచుకొని మరల రాచవలెను. సమతలమనగా ఏమో కంటితో నిర్ణయింపరాదని మాడ్‌స్లే పట్టు. రెండు పలకలను ఒకదానితో నొకటి రాచినచో ఒకటి ఉబ్బెత్తుగను, రెండవది పల్లముగను కుదురవచ్చును. మూడు పలకలను మార్చి మార్చి సరిచూచినచో మూడును సమతలములు కాక తప్పదు. ఈ కిటుకును మాడ్‌స్లే కర్మశాలలో పనిచేసిన జోసెఫ్ విట్‌వర్త్ 1840లో శాస్త్రజ్ఞుల సభయందు వివరించెను.

కొలతలలో తగవు వచ్చినపుడు తీర్పు చెప్పుటకు మాడ్‌స్లే తన బల్లపై మైక్రోమీటరు నొకదానిని ఉంచుకొనెను. అంగుళములో పదివేలవ వంతు తేడాను సైతము అది చూపగలదు. దానికి అతడు లార్డ్ ఛాన్సలర్ అని పేరు పెట్టెను. ఆ దేశపు అత్యున్నత న్యాయాధికారి బిరుదమది. ఆ తీర్పుపై అప్పీలు లేదని భావము.

మన యువకుడును లేత్ బేరమునకు పోవునపుడు ఒక మైక్రోమీటరును, ఒక కడ్డీ ముక్కను జేబులో వేసికొని పోవలెను. కడ్డీని చక్‌లో బిగించి, పలుచగా ఒక వరుస కోసి, చక్ దగ్గఱ ఒకచోట, కొంత దూరమున మఱియొకచోట కొలిచి చూచినచో, స్పిండిలు బెడ్డుకు సమాంతరముగా ఉన్నదో లేదో తెలిసిపోవును. పాత యంత్రములో బెడ్డు చక్ దగ్గఱనే ఎక్కువగా అరుగును, ఏలయన పని అంతయు అక్కడనే జరుగును. క్యారేజీని చక్ దగ్గఱ వదులు లేకుండ బిగించి, బెడ్డు చివరకు త్రోసి చూడవలెను. అక్కడ బిగుసుకొని కదలకపోయినచో చక్ దగ్గఱ బెడ్డు అరిగినదని అర్థము. లీడ్ స్క్రూయు అట్లే. చక్‌ను చేతితో పట్టి పైకి క్రిందికి ఊపినచో బేరింగుల వదులు తెలియును. వదులు బేరింగును మార్చవచ్చును, చక్‌ను మార్చవచ్చును, మోటారును మార్చవచ్చును. అరిగిన బెడ్డును చక్కదిద్దుట మాత్రము క్రొత్త యంత్రము కొన్నంత పని. రంగు పూసి మెఱపించిన యంత్రమునకంటె, రంగు పోయినను బెడ్డు నిలిచిన యంత్రమే ఈ రచయిత దృష్టిలో విలువైనది. హరిహరములో ఒకప్పుడు మైసూరు కిర్లోస్కర్ సంస్థ చేసినవియు, 1953లో బెంగుళూరులో స్థాపింపబడిన హెచ్.ఎం.టి. చేసినవియు అట్టి పాత యంత్రములు ఇప్పటికిని పలు అంగళ్లలో కనబడును.

మాడ్‌స్లే ఆఱడుగులకు మించిన దీర్ఘకాయుడు, హాస్యప్రియుడు. ధనికుడైన తరువాతను ఆకురాయి పట్టుట మానలేదు. అతని కొట్టములో పనిచేయుటయే ఒక పట్టమువంటి దాయెను. విట్‌వర్త్ తరువాత 1841లో మరలకు దేశవ్యాప్తమైన ప్రమాణము నేర్పఱచెను. మన పాత బుల్లెట్టు స్పానర్లమీద నేటికిని అతని పేరు కనబడును. ఇనుమును గీయు యంత్రము చేసిన రిచర్డ్ రాబర్ట్స్, బాబేజ్ గణనయంత్రమునకు భాగములు చేసిన జోసెఫ్ క్లెమెంట్ అచ్చటివారే. 1829లో జేమ్స్ నాస్మిత్ అను స్కాట్లండు యువకుడు తాను చేసిన చిన్న ఆవిరియంత్రపు నమూనాను, చిత్రములను చంకనిడుకొని వచ్చెను. శిష్యులను చేర్చుకొనుట మానివేసిన మాడ్‌స్లే ఆ నమూనాను చూచి, అతనిని తన సొంత గదిలోనే సహాయకునిగా పెట్టుకొనెను. ఆవిరి సమ్మెటను రూపొందించిన నాస్మిత్ ఇతడే.

మన ప్రాంతమువాడైన ఒకరిని ఇచ్చట స్మరింపక తప్పదు. కోయంబత్తూరు చేరువ కలంగల్ గ్రామమున తెలుగు మాట్లాడు కుటుంబమున 1893లో జన్మించి 1974లో గతించిన జి.డి. నాయుడు, యౌవనమున ఒక ఆంగ్ల అధికారి మోటారు సైకిలును చూచి మోహపడి, కూలిపని చేసి కూడబెట్టిన సొమ్ముతో దానిని కొని, భాగములన్నిటిని విప్పి మరల బిగించి యంత్రవిద్య నేర్చెను. బడి చదువు అతనికిని అంతంతమాత్రమే. ఒకరు ఇనుము నుండియు, ఒకరు మోటారు సైకిలు నుండియు బయలుదేరినను ఇరువురును విప్పి చూడకుండ దేనిని నమ్మినవారు కారు.

1831 ప్రారంభమున మాడ్‌స్లే ఫ్రాన్సులో నొక స్నేహితుని చూడబోయెను. తిరిగి వచ్చుచు సముద్రము దాటునపుడు చలి సోకి, జబ్బుపడి, ఆ సంవత్సరము ఫిబ్రవరి 14న మరణించెను. అప్పటికి అతని వయస్సు అరువదియైనను నిండలేదు. ఆకాశమును చూచుటకు పెద్ద దూరదర్శిని నొకదానిని చేయవలెనను కోరిక తీరకయే మిగిలెను. పుట్టిన వూలిచ్‌లోనే, సెంట్ మేరీ దేవాలయపు ఆవరణమున అతనిని సమాధి చేసిరి. సమాధి రాతిది కాదు. అతడే రూపము గీయగా అతని కర్మశాలలోనే పోతపోసిన ఇనుప సమాధి. కుమారులు నడపిన ఆ సంస్థ పందొమ్మిదవ శతాబ్దముతో ముగిసెను. 1800 ప్రాంతపు ఆ చిన్న లేత్ మాత్రము లండనులోని విజ్ఞానశాస్త్ర వస్తుప్రదర్శనశాలలో భద్రపఱుపబడి యున్నది. ఒక బల్లమీద పట్టునంత యంత్రమది. దానికి మోటారు లేదు.